ఒక్క బల్బు కింద రెండు ఇగ్వానాలు

పక్షులూ చేపలూ అమ్మే దుకాణాల్లో కొన్నేళ్ళుగా గాజు ట్యాంకుల్లో ఆకుపచ్చ ఇగ్వానా అనే పెద్ద బల్లిజాతి జీవి పిల్లలు కూడా కనిపిస్తున్నాయి. జానెడు పొడవు, చిలకపచ్చ రంగు, ఒకదాని మీద ఒకటి పడి కళ్ళు మూసుకుని ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్ళు ధర అడిగాక అడిగే రెండో ప్రశ్న, "ఒక్కటే అయితే బెంగ పెట్టుకోదా?" అని. అమ్మేవాళ్ళ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "జోడీ తీసుకెళ్ళండి సార్, ఒకదానికొకటి తోడుంటాయి."

మనకూ అది సబబుగానే తోస్తుంది. లవ్‌బర్డ్స్‌ను జంటగా తప్ప కొనని అలవాటు మనది. ఒంటరి చిలక ఈకలు పీక్కుంటుందని చాలామందిమి విన్నాం. అదే లెక్కను బల్లిజాతి జీవికీ వేసేస్తాం. తీరా తెచ్చుకున్నాక సరీసృపాలు చూసే పశువైద్యుణ్ని అడిగితే "రెండింటినీ వెంటనే విడదీయండి" అంటారు. పదేళ్ళుగా పెంచుతున్న ఇంకొకరిని అడిగితే "మా ఇంట్లో మూడు కలిసే ఉన్నాయి, ఏమీ కాలేదు" అంటారు. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో తెలియాలంటే ముందు ఈ జంతువు బతుకు తీరు కొంత తెలియాలి.

ఏ ఇగ్వానా గురించి మాట్లాడుతున్నాం?

ఇగ్వానా అన్న పేరుతో చాలా జాతులున్నాయి. మన దగ్గర ఇళ్ళలో పెంచేది దాదాపు ఎప్పుడూ ఆకుపచ్చ ఇగ్వానానే. దీని పుట్టిల్లు మెక్సికో నుంచి మధ్య అమెరికా మీదుగా బ్రెజిల్, పరాగ్వే దాకా ఉన్న వేడి ప్రాంతం. ఎర్రగా, నీలంగా, తెల్లగా అమ్మేవి కూడా చాలావరకు ఇదే జాతిలో రంగు తేడాలు. చూడగానే చాలామంది ఉడుము అనుకుంటారు గానీ ఉడుముకూ దీనికీ దగ్గరి సంబంధం లేదు. మన కంచెల మీద తల ఊపే తొండ దీనికి కాస్త దగ్గర, అదీ దూరపు చుట్టరికమే. ఆ తల ఊపడం గుర్తు పెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

ఇది పూర్తి శాకాహారి. మునగాకు, మందార ఆకులూ పూలూ ఇష్టంగా తింటుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు పది పన్నెండు గ్రాములుండే పిల్ల, బాగా పెరిగితే మగది తోకతో కలిపి ఐదు అడుగులు దాటుతుంది, కొన్ని ఆరడుగుల దగ్గరికి వస్తాయి. బరువు నాలుగైదు కిలోలు. సరిగ్గా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. అంటే రెండో తరగతి పిల్లాడి ముచ్చట తీర్చడానికి కొన్నది వాడు ఇంజనీరింగ్ పూర్తిచేసే దాకా ఇంట్లో ఉంటుంది.

గుంపుగా కనబడటం వేరు, కలిసి బతకడం వేరు

గందరగోళానికి సగం కారణం ఫొటోలే. గాలపాగోస్ దీవుల్లో నల్లటి సముద్ర ఇగ్వానాలు వందల కొద్దీ రాళ్ళ మీద ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండే దృశ్యం అందరం చూసిందే. చల్లటి నీళ్ళలో ఈది నాచు మేసి వచ్చే జీవులవి. ఒళ్ళు వెచ్చబడేదాకా ఎండలో పక్కపక్కనే చేరతాయి, రాత్రి వేడి పోకుండా గుట్టపడతాయి. జత కట్టే కాలం వస్తే వాటిలోని మగవీ రాయి రాయికీ హద్దు గీసుకుని తలలు ఢీకొంటాయి. అదీగాక అది వేరే జాతి. ఆ ఫొటో చూసి మన బోనులోని ఆకుపచ్చ ఇగ్వానా గురించి తీర్మానం చేస్తే, గొర్రెల మందను చూసి పిల్లులూ మందగా ఉంటాయని అనుకున్నట్టే.

ఆకుపచ్చ ఇగ్వానా కథ ఇంతకంటే చిక్కుగా ఉంటుంది, ఎందుకంటే ఇది వయసును బట్టి మారుతుంది. పనామాలో గతూన్ సరస్సులో బారో కొలరాడో దీవి పక్కన స్లోతియా అనే బుల్లి దీవి ఉంది. ఆడ ఇగ్వానాలు ఏటా అక్కడికి చేరి ఇసుకలో గుడ్లు పెడతాయి. గార్డన్ బర్గార్ట్, హ్యారీ గ్రీన్, స్టాన్లీ రాండ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అక్కడ కాపు వేసి, పిల్లలు బొరియల్లోంచి గుంపులుగా బయటికి రావడం, ఒకదాన్ని చూసి ఒకటి కదలడం, కలిసి దీవి దాటిపోవడం గమనించి 1977లో ప్రచురించారు. సరీసృపాలకు సాంఘిక జీవితమే లేదన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది, కాబట్టి అది పెద్ద సంగతే. తోబుట్టువులు ఒకదాన్నొకటి గుర్తుపట్టి దగ్గరగా మసలుతాయని ఆ తర్వాతి పరిశీలనల్లో తేలింది. వేటజంతువు ముప్పు వచ్చినప్పుడు మగ పిల్ల ఆడ పిల్ల మీదికి ఎక్కి అడ్డుగా నిలుస్తుందని హేసూస్ రివాస్ బృందం 2004లో రాసింది. పిల్లలు పెద్ద ఇగ్వానాలుండే చెట్ల పైకి చేరి వాటి పెంట తింటాయని, ఆకును పులియబెట్టే సూక్ష్మజీవులు వాటి పేగుల్లోకి అలాగే చేరతాయని కేథరిన్ ట్రోయర్ 1982లో చూపించారు. మనకు రోత పుట్టించే పనే గానీ, ఆకు తిని బతకాల్సిన పిల్లకు అదే అన్నప్రాశన.

ఇంతవరకూ చదివితే దుకాణదారు చెప్పిందే నిజమనిపిస్తుంది. పిల్లలప్పుడు అవి నిజంగానే కలిసుంటాయి. అయితే ఈ తోబుట్టువుల ప్రేమకు గడువుంది. పెరిగేకొద్దీ విడిపోతాయి. రెండు మూడేళ్ళకు ఈడుకు వచ్చిన మగది తనకంటూ ఒక చెట్టును, ఒక కొమ్మను పట్టుకుని ఇంకో మగదాన్ని రానివ్వదు. ఇక్కడ రెండు మాటలు విడదీసి చూడాలి. సాంఘిక జీవి అంటే తోడు కోరుకునేది. సహించే జీవి అంటే, చోటు చాలినంత ఉంటే పక్కదాని ఉనికిని పట్టించుకోనిది. ఎదిగిన ఆకుపచ్చ ఇగ్వానా, జత కట్టే కాలం కాకపోతే, ఈ రెండో రకం. ఒకే మహావృక్షం మీద నాలుగైదు కనిపించినా అవి కబుర్లకు చేరినవి కావు. ఎండ, ఆకు, కింద నీళ్ళు మూడూ దొరికే చోటు కాబట్టి చేరాయి.

ఓడినది ఎక్కడికి పోతుంది?

నా లెక్కలో మొత్తం వ్యవహారం ఈ ఒక్క ప్రశ్న మీదే ఆధారపడి ఉంది.

అడవిలో రెండు మగవి ఎదురుపడితే చాలాసార్లు రక్తం దాకా పోదు. ఒళ్ళు పక్కకు తిప్పి బల్లపరుపుగా, పెద్దగా కనబడేలా చేసుకుంటాయి. గొంతు కింద ఎద్దు గంగడోలులా వేలాడే తోలును విప్పుతాయి. తల పైకీ కిందికీ గబగబా ఊపుతాయి. కాసేపటికి తన బలం తక్కువని తెలిసిన మగది కొమ్మ దిగి పోతుంది. తగాదా అక్కడితో సరి. పోయింది ఒక కొమ్మే, ఇంకో చెట్టు దొరుకుతుంది.

అదే తగాదా నాలుగు అడుగుల గాజుపెట్టెలో జరిగితే ఓడిన జంతువు కొమ్మ దిగుతుంది గానీ పోవడానికి చోటు లేదు. గెలిచినదాని కళ్ళ ముందే ఉండాలి. మన కంటికి ఇది రాజీలా కనిపిస్తుంది, ఎందుకంటే కొట్లాట లేదు. నిజానికి ఓడినది పోగొట్టుకున్నది వేడి.

వేడి పోతే ఏం పోతుందో చూడాలి. ఇగ్వానా ఒంట్లో మనలా పొయ్యి లేదు, బయటి వేడినే వాడుకుంటుంది. అందుకే బోనులో ఒక మూల బల్బు కింద సుమారు 35 డిగ్రీలుండే చోటు, మిగతా అంతా 26 నుంచి 30 డిగ్రీలు ఉండేలా చూస్తారు. తిన్న ఆకును పెద్దపేగులో సూక్ష్మజీవులు పులియబెట్టాలి. ఆ పని వేడిలోనే సాగుతుంది, ఇడ్లీ పిండి చలికాలంలో పొంగనట్టు. పగటి ఒంటివేడిలో కొద్దిపాటి తేడా కూడా జీర్ణాన్ని మారుస్తుందని ట్రోయర్ 1987లో చూపించారు. కాబట్టి బల్బు కిందికి రాలేని ఇగ్వానా గిన్నెలో ఎంత మునగాకు ఉన్నా సగం ఆకలితోనే ఉంటుంది.

దీనికి తోడు యూవీబీ కాంతి ఉంది, ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం. చర్మంలో విటమిన్ డి3 తయారవడానికి ఈ కాంతి కావాలి, అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. ఎముకలు మెత్తబడి దవడ రబ్బరులా అవుతుంది, కాళ్ళు వంకర తిరుగుతాయి. కిటికీ గాజులోంచి యూవీబీ దాదాపు రాదు, కాబట్టి ఇంట్లో దానికీ ప్రత్యేకమైన యూవీబీ ట్యూబే దిక్కు. ఆ కాంతి బలం దూరం పెరిగేకొద్దీ గబగబా పడిపోతుంది. పైకొమ్మ దక్కినదానికీ నేల మీద ఉన్నదానికీ అందేది ఒకటి కాదు. గుంపుగా పెంచిన పిల్లల్లో పెత్తనం చేసేవి వేడి చోటును ఎక్కువ వాడుకుని మిగతావాటికంటే త్వరగా పెరుగుతాయని 1993లో ఫిలిప్స్, ఆల్బర్ట్స్, ప్రాట్ ప్రచురించిన పరిశోధన చెబుతుంది. అంటే ఈ పెత్తనం ఈడుకు వచ్చేదాకా ఆగదు, జానెడు పిల్లల్లోనే మొదలవుతుంది.

ఒకసారి తెలిసినవాళ్ళింట్లో ఇది కళ్ళారా చూశాను. డిసెంబరు, పొద్దున్న తొమ్మిది. చెక్క బీరువాకు ముందు గాజు తలుపులు బిగించి బోను చేసుకున్నారు. పైన ఒకే బల్బు, దాని కింద జామకొమ్మ. కొమ్మ మీద పెద్దది నాలుగు కాళ్ళూ వేలాడేసి పడుకుని ఉంది. చిన్నది కింద నీళ్ళ గిన్నె వెనక, ముదురు గోధుమరంగులోకి తిరిగి, కళ్ళు సగం మూసి ఉంది. ఆ ఇంటావిడ తలుపు తీసి మందారపువ్వు పెట్టగానే చిన్నది రెండు అడుగులు ముందుకు వేసింది. పెద్దది కొమ్మ మీంచి కదల్లేదు, ఒక్కసారి తల ఊపింది, అంతే. చిన్నది ఆగి, మళ్ళీ గిన్నె వెనక్కి పోయింది. "చూశారా, ఎంత మర్యాదో, పెద్దది తినేదాకా ఆగుతుంది" అన్నారావిడ. రెండూ ఒకే రోజు, ఒకే ట్యాంకులోంచి కొన్నవట. ఇప్పుడు ఒకటి ఇంకోదానికి ఒకటిన్నర రెట్లుంది.

కొట్లాట లేకపోవడం దేనికి గుర్తు?

ఆ తల ఊపు లాంటివే మనం చదవాల్సిన అక్షరాలు. కరవడం, తోకతో కొరడాలా కొట్టడం చివరి దశ. దానికి ముందు నెలల తరబడి చప్పుడు లేని పోరు నడుస్తుంది. ఒకటి ఎప్పుడూ పైన, ఇంకోటి ఎప్పుడూ కింద ఉంటుంది. ఒకటి పచ్చగా, ఇంకోటి రంగు మాసి ఉంటుంది. కిందున్నది పైది నిద్రపోయాకో, మనం బయటికి తీసినప్పుడో మాత్రమే ఆబగా తింటుంది. మగదైతే తొడల లోపలి వైపు వరుసగా ఉండే రంధ్రాల్లోంచి వచ్చే మైనం లాంటి పదార్థాన్ని కొమ్మలకు రాస్తూ తిరుగుతుంది, అది దాని సంతకం.

అన్నిటికంటే ఎక్కువగా అపార్థమయ్యేది ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకోవడం. ఫొటో తీసి "అన్నదమ్ముల ప్రేమ" అని పెట్టుకునేది దీన్నే. పిల్లల్లో ముప్పు వచ్చినప్పుడు అది నిజంగా కాపు కాయడం కావచ్చునని పైన చెప్పుకున్నాం. కానీ ఒకే బల్బున్న బోనులో రోజూ అదే జంతువు పైన, అదే కింద ఉంటే, పైనున్నది వేడినీ యూవీబీనీ ముందుగా తీసుకుని కిందదానికి నీడ చేస్తోందన్నమాట. ఒకే భంగిమకు రెండు అర్థాలున్నాయి. ఎవరు ఎక్కడ ఉంటున్నారో వారం రోజులు చూస్తే తప్ప ఏది ఏదో తేలదు.

ఎవరితో ఎవరు అన్నది ఎంత తేడా చేస్తుంది

రెండు మగవైతే పెద్దగా తర్కించడానికేమీ లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెతే చాలు. జత కట్టే కాలంలో మగదాని ఒళ్ళు నారింజరంగు తిరుగుతుంది, తిండి తగ్గుతుంది, చికాకు పెరుగుతుంది. గాజులో తన నీడను చూసి తలబాదుకునేవీ ఉన్నాయి. పక్క బోనులో ఇంకో మగది కనబడినా కుదురుండదు. వేళ్ళు తెగడం, తోక ఊడటం, మెడ మీద లోతైన గాట్లు పడటం అప్పుడే. చిన్న వయసులో ఊడిన తోక మళ్ళీ వస్తుంది గానీ లోపల ఎముక ఉండదు, మృదులాస్థి మాత్రమే. రంగు కూడా మట్టిరంగే.

ఆడామగా అయితే సమస్య రూపు మారుతుంది. జత కట్టేటప్పుడు మగది ఆడదాని మెడ పళ్ళతో పట్టుకుంటుంది. అడవిలో ఇష్టం లేని ఆడది చెట్టు మారుతుంది. బోనులో అదే మెడ మీద రోజూ అదే చోట పంటిగాటు పడి పుండవుతుంది. ఇక గుడ్లు. ఒక్క ఈతలో ఇరవై నుంచి డెబ్బై దాకా పెడుతుంది. మగది లేకున్నా ఆడది గుడ్లు కట్టుకోగలదన్న సంగతి చాలామందికి తెలియదు. తవ్వుకోవడానికి మెత్తటి మన్ను దొరక్కపోతే, ఒంట్లో కాల్షియం చాలకపోతే గుడ్లు లోపలే నిలిచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. జతగా ఉంచితే ఈ చక్రం ఆగకుండా తిరుగుతుంది. ఆడదానికి అండాశయాలు తీసేసే శస్త్రచికిత్స ఉంది, దానితో గుడ్ల బాధ పోతుంది. మగదానికి ఈడు దాటాక వృషణాలు తీసినా కోపం తగ్గుతుందన్న హామీ లేదు.

రెండు ఆడవి మిగతా జోడీలకంటే నయమంటారు. చాలాసార్లు అది నిజమే. అయితే పైన చెప్పిన స్లోతియా దీవిలో ఆడవి ఎలా ఉంటాయో చూస్తే ఆ నమ్మకం కొంచెం సడలుతుంది. గుడ్లు పెట్టే బొరియ కోసం అక్కడ అవి నోళ్ళు తెరిచి ఒకదాన్నొకటి తరుముకుంటాయి, ఒకటి తవ్విన బొరియను ఇంకోటి లాక్కుంటుంది. చోటు కరువైతే ఆడదైనా అంతే.

ఇంకో చిక్కు ఉంది. జానెడు పిల్లను చూసి మగో ఆడో చెప్పడం కుదరదు. తొడ రంధ్రాలు పెద్దవి కావడం, దవడలు బలియడం, తోక మొదట్లో ఉబ్బు తేలడం లాంటివి పెరిగాకే స్పష్టమవుతాయి. అందుకే "ఇది మగది, ఇది ఆడది, జోడీ" అని ట్యాంకులోంచి రెండు పిల్లల్ని తీసిచ్చేవాళ్ళు నాణెం ఎగరేస్తున్నట్టే. వాళ్ళ ట్యాంకులో ఇరవై పిల్లలు కొట్టుకోకుండా ఉండటానికీ కారణం వయసే. అవి వారాల పిల్లలు, నాలుగు రోజుల్లో అమ్ముడుపోయేవి. తగాదా ముదిరే వేళకు కొన్నవాళ్ళింట్లో ఉంటాయి.

కాగితం మీద ఒక లెక్క

రెండు పిల్లల్ని 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్యాంకులో పెట్టారనుకుందాం. ఒక్కోటి 20 సెంటీమీటర్లు. ట్యాంకు 120. ఊరంత చోటున్నట్టుంటుంది. మంచి తిండి, వేడి అందితే ఏడాదికి రెండు, మూడు అడుగులకు రావడం మామూలే. మూడో ఏడు దాటేసరికి ఒక్కోటి ట్యాంకు పొడవుకు వస్తుంది.

ఎదిగిన ఒక్క ఇగ్వానాకు కనీసం 6 అడుగుల ఎత్తు, 6 అడుగుల పొడవు, 3 అడుగుల లోతు బోను కావాలని అనుభవమున్నవాళ్ళు చెబుతారు. నేల మీద అది 18 చదరపు అడుగులు. రెండింటికి విడివిడి బోన్లంటే 36. కలిపి పెట్టేవాళ్ళు రెట్టింపు పెద్ద బోను కట్టాలి, అదీ 36. కానీ కలిపి పెట్టేవాళ్ళకు ఖాళీ బోను ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి, తగాదా వచ్చిన రాత్రి బోను కొనుక్కురాలేరు కదా. దానికి ఇంకో 18. మొత్తం 54. పది అడుగులకు పది ఉన్న పిల్లల గదిలో సగానికి పైనే. చోటు కలిసొస్తుందని కలిపి పెడితే, సరిగ్గా చేసినప్పుడు చోటు ఎక్కువే పడుతోంది. బల్బుల ఖర్చూ తగ్గదు. ఒకదాన్నొకటి చూడకుండా తినడానికి, ఎండ కాచుకోవడానికి రెండు వేర్వేరు మూలలు, మధ్యలో ఆకుల తడిక కావాలి.

ఇంకో లెక్క వంటింటి త్రాసుతో. ఇది ఊహించి రాసిన అంకెలే, తీరు అర్థం కావడానికి. మొదటి నెల రెండూ 40 గ్రాములు. రెండో నెల 60, 52. మూడో నెల 85, 58. నాలుగో నెల 115, 60. చిన్నది తగ్గడం లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళకు అనుమానం రాదు. పెరుగుదల నెలకు 12, 6, 2 గ్రాములుగా చచ్చుబడిపోతోందని వరుసగా రాసుకుంటేనే కనబడుతుంది. పెద్దది పెరిగేకొద్దీ చిన్నదానికి వేడి ఇంకా దూరమవుతుంది, దూరమయ్యేకొద్దీ పెరుగుదల ఇంకా ఆగుతుంది.

కలిపి ఉంచవచ్చనేవాళ్ళ వాదనలో ఉన్న పస

వాళ్ళనూ వినాలి. జూలలో ఆకుపచ్చ ఇగ్వానాలను గుంపుగా చూపించడం కొత్తేమీ కాదు. పనామాలో 1980ల్లో డాగ్మార్ వెర్నర్ మొదలుపెట్టిన ఇగ్వానా పెంపకం పథకంలో వేలకొద్దీ పిల్లల్ని దొడ్లలో కలిపే పెంచి అడవుల్లో వదిలారు. ఇంట్లో ఒక గదంతా ఇచ్చేసి ఒక మగ, రెండు మూడు ఆడవాటిని ఏళ్ళ తరబడి గొడవ లేకుండా పెంచినవాళ్ళూ ఉన్నారు. అడవిలో ఒక మగదాని హద్దులో కొన్ని ఆడవి మసలడం సహజమే కాబట్టి ఈ అమరిక ఊహాజనితం కాదు. ఒంటరి బోనులో కదలకుండా పడి ఉండటమూ మంచి బతుకు కాదని వాళ్ళు అనేదాన్ని కొట్టిపారేయలేం.

అయితే ఈ ఉదాహరణలన్నిటిలో ఒక సామాన్య విషయముంది. ఓడినదానికి పోయే దారి ఉంది. జూ ఆవరణలో బండలూ చెట్లూ ఉంటాయి, వెనక ఎవరికీ కనబడని విడి గదులుంటాయి, రోజూ తేడా కనిపెట్టే మనుషులుంటారు. పెంపకం దొడ్లలోవి ఈడుకు రాకముందే బయటికి పోతాయి. విడిగా ఉంచమనే వైద్యుల దగ్గరికి వచ్చేవి మాత్రం తెగిన తోకలూ చీలిన మెడలే. బాగున్నవి వాళ్ళ బల్ల ఎక్కవు, కాబట్టి వాళ్ళకు చెడ్డవే ఎక్కువ కనబడతాయన్న విమర్శలో నిజముంది. అదే న్యాయం రెండో పక్కకూ వర్తిస్తుంది. "ఏమీ కాలేదు" అనేవాళ్ళు చెప్పేది కాటు పడలేదని. బరువు రాసుకున్నారా అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. మూడేళ్ళు సాఫీగా సాగిన జోడీ నాలుగో ఏట ఒక్క రాత్రిలో విరిగిన సందర్భాలు పెంపకందార్లందరికీ తెలిసినవే. నా మొగ్గు విడిగా ఉంచడం వైపే, ముఖ్యంగా ఫ్లాట్లలో.

ఇక ఒంటరితనం సంగతి. ఎదిగిన ఇగ్వానా తోడు లేక బెంగతో తిండి మానేయడమన్నది నమ్మదగ్గ మాట కాదు. తిండి మానిందంటే ముందు చూడాల్సింది వేడి చాలిందా అని, తర్వాత పేగుల్లో పురుగులు, గుడ్లు, జత కట్టే కాలం. హైదరాబాద్ చలికాలపు రాత్రి 13 డిగ్రీలకు దిగి, పైగా కరెంటు పోతే, అది మొద్దుబారి పడి ఉంటుంది. చూసేవాళ్ళకు అది దిగులులా కనిపిస్తుంది. ఫ్లోరిడాలో చలిగాలి వచ్చినప్పుడు చెట్ల మీది ఇగ్వానాలు కట్టెల్లా కింద రాలడం ఇదే కారణంతో. 2020 జనవరిలో మయామి వాతావరణ కేంద్రం ఇగ్వానాలు మీద పడతాయి జాగ్రత్త అని హెచ్చరించింది కూడా. ఆ రాష్ట్రంలో ఉన్న మన తెలుగువాళ్ళకు ఇంకో సంగతి. అడవి జాతిగా విస్తరించి కట్టలూ కాలిబాటలూ తవ్విపోస్తున్నందున 2021 నుంచి అక్కడ వీటిని కొత్తగా పెంచుకోవడం నిషేధం.

జోడీ పెడితే చట్టం కూడా వచ్చి చేరుతుంది

అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఇగ్వానా ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని నాలుగో షెడ్యూల్ సైటిస్ జాబితాలను మన చట్టంలోకి తెచ్చింది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి జంతువు దగ్గరున్నవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ 2.0 పోర్టల్లో నమోదు చేసుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా తెలపాలి. కాబట్టి ఆడామగా జోడీని కలిపి పెట్టి గుడ్లు పొదిగిస్తే నలభై పిల్లలతో పాటు అంత దస్తావేజూ ఇంటికి వస్తుంది. పెంచలేక చెరువు గట్టునో తోటలోనో వదిలేయడం దారి కాదు. ఫ్లోరిడాలో, పోర్టోరికోలో, తైవాన్‌లో ఆ తలనొప్పి మొదలైంది తప్పించుకున్న, వదిలేసిన జంతువులతోనే.

వేరే జాతులతో కలపడం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. తాబేలు, ఊసరవెల్లి, గెడ్డపు డ్రాగన్‌లకు వేడి, తేమ, తిండి లెక్కలు వేరు. ఒకదాని పేగుల్లో హాయిగా ఉన్న క్రిమి ఇంకోదాన్ని చంపొచ్చు. ఇగ్వానానే అయినా కొత్తది వస్తే మూడు నెలలు వేరే గదిలో ఉంచి పెంట పరీక్ష చేయించాలని వైద్యులు అనేది ఇందుకే. మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా చాలా సరీసృపాల పేగుల్లో మామూలుగా ఉంటుంది. వాటికేమీ కాదు గానీ ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

ఆ చెక్క బీరువా ఇంటివాళ్ళు జనవరిలో పాత పుస్తకాల అర ఒకటి ఖాళీ చేసి, ముందు వల కొట్టి, ఇంకో బల్బు పెట్టారు. చిన్నదాన్ని అందులోకి మార్చారు. మొదటి రెండు రోజులూ అది బల్బు వెలుగుతున్నా కింద మూలనే కూర్చుందట. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేశారు. కొమ్మ మీదికి ఎక్కింది, నాలుగు కాళ్ళూ వేలాడేసింది, రెండు గంటలైనా దిగడం లేదు, ఏమైనా అయిందా అని.